శుక్రవారం పూట వేడెక్కిన పొయ్యి

మా వంటింటి తలుపుకు వేలాడే క్యాలెండర్‌లో మూడు రంగుల సున్నలు ఉంటాయి. ఎరుపు కోడలివి, నీలం కొడుకువి, ఆకుపచ్చ మనుమరాలివి. నాకంటూ రంగు పెట్టుకోలేదు. అవసరం పడుతుందని అనుకోలేదు.

ముప్పై ఏండ్లు అంగన్‌వాడీలో రిజిస్టర్లు రాసిన చెయ్యి నాది. గుడ్లు ఎన్ని వచ్చాయి, పిల్లలు ఎందరు తిన్నారు, పగిలినవి ఎన్ని. పని చాలించి దేవరకొండలో కొడుకు దగ్గరికి వచ్చాక రాయడానికి నాకు మిగిలింది గ్యాస్ బండ ఒక్కటే. ఏ రోజు పెట్టాం, ఏ రోజు అయిపోయింది, నడుమ ఎన్ని రోజులు. మా బండ నలభై ఒక్క రోజులు వస్తుంది. ముప్పై ఎనిమిదో రోజునే అయిపోతే, ఆ మూడు రోజుల గ్యాస్ ఎటు పోయిందో తేలేదాకా ఎవరినీ వదలను.

రాష్ట్రం వచ్చి కరెంటు పోవడం తగ్గాక మా కోడలు ధైర్యం చేసి కొత్త పొయ్యి తెచ్చింది. నల్లటి గాజు పలక, దాని మీద రెండు గ్యాస్ మంటలు, మూడోది కరెంటుది. ఈ మూడోదానికి మంట లేదు, తిప్పే చెవి లేదు. గాజు మీద రెండు చిన్న గుర్తులు మాత్రం ఉన్నాయి. ఒకటి తాకితే మేల్కొంటుంది, రెండోది తాకితే వేడెక్కుతుంది. ఇంట్లో వాళ్లందరూ ఆ గుర్తులు తాకి తాకి మురిశారు. నేను మాత్రం దానితో వచ్చిన పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాను.

చదివి చట్టం చేశాను. పాలు పొంగి మంట ఆరిపోతే ఒక సున్న. పడుకునే ముందు రెగ్యులేటర్ బంద్ చేయడం మరిస్తే ఒక సున్న. మంట మీదుగా చున్నీ వేలాడేసి ఉప్పు డబ్బా అందుకుంటే ఒకటి. కరెంటు పలక ఆపినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, దాని మీద ప్లాస్టిక్ గిన్నె పెడితే ఒకటి. ఏ గిన్నే లేకుండా దాన్ని వేడెక్కించి వదిలేస్తే ఒకటి. నెలలో మూడు సున్నలు పడ్డవాళ్లు పదిహేను రోజులు పొయ్యి ముట్టకూడదు.

మా కొడుకు మొదటి వారంలోనే మూడూ తెచ్చుకున్నాడు.

"శిక్ష మంచిగున్నదే అమ్మా. నెల రోజులు చెయ్యరాదు?" అన్నాడు. పొద్దున చాయ్ పెట్టే పని తప్పింది మరి.

కోడలికి అది నవ్వులాట కాదు. ఆమె బడిలో టీచరు. రోజంతా పిల్లలకు మార్కులు వేసి ఇంటికి వస్తే, ఇక్కడ నేను ఆమెకు వేస్తాను. అప్పటికే రెండు ఎర్ర సున్నలు పడ్డాయి. పైగా రాబోయే ఆదివారం కాక ఆ మరుసటి ఆదివారం ఆమె తల్లి అచ్చంపేట నుంచి వస్తున్నది. మా వియ్యపురాలు వచ్చినప్పుడల్లా, "మా బిడ్డకు ఇంకా చెయ్యి తిరగలే, వంటంత వదినెదే" అని నలుగురిలో నవ్వుతుంది. ఈసారి ఆ మాట రాకుండా నాటుకోడి కూర, జొన్నరొట్టె తన చేత్తోనే చేసి పెట్టాలని కోడలు పంతం పట్టింది.

సరిగ్గా అప్పుడే, కొత్త పొయ్యి వచ్చాక మొదటి శుక్రవారం పొద్దున మనుమరాలు వంటింట్లోంచి అరిచింది. "అవ్వా, పలక ఎర్రగ కాల్తాంది! మీద గిన్నె లేదు!"

చివరగా దాని మీద అన్నం వండింది కోడలు.

"నేను బంద్ చేసిన అత్తమ్మా. మీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, పొయ్యి మీద పెట్టు ఒట్టు" అని మూడో ఎర్ర సున్న చుట్టేశాను. పదిహేను రోజులు లెక్కపెడితే తల్లి వచ్చే ఆదివారం అందులోనే పడింది. కోడలు టిఫిన్ డబ్బా తీసుకొని బడికి పోయింది. పాపం అనిపించింది. కానీ చట్టం చట్టమే.

తర్వాతి శుక్రవారం మళ్లీ అదే జరిగింది. ఈసారి కోడలు ఆ దరిదాపుల్లో లేదు. వారం నుంచి వంట నాదే. పొద్దున కరెంటు పలక మీద అన్నం నేనే వండి, నా చేత్తోనే ఆపాను. గంట తర్వాత చూస్తే పలక నిప్పుకణికలా ఉంది.

"గిప్పుడు ఎవలకు అవ్వా సున్న?" అన్నది మనుమరాలు.

వోల్టేజి అన్నాను. బల్లి పాకి ఉంటుందన్నాను.

"బల్లికి ఏ రంగు పెడ్దాం?" అన్నది.

శనివారం అందరూ బయటికి పోయాక మెకానిక్‌ను పిలిపించాను. విప్పి చూసి, మళ్లీ బిగించాడు.

"మిషన్‌ల ఏం ఖరాబు లేదమ్మా. ఎవలో ముట్టుకున్నరు. తడి వేలు జర తగిలినా చాలు, అది లేస్తది" అన్నాడు.

తడి వేలు. శుక్రవారం. క్యాలెండర్ ముందు నిలబడ్డాను.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ప్రతి శుక్రవారం తానం చేసి, పొయ్యి తుడిచి, పసుపు కుంకుమ పెట్టడం నాకు అలవాటు. కట్టెల పొయ్యి ఉన్నప్పుడు మూడు రాళ్లకూ పెట్టాను. గ్యాస్ వచ్చాక చెవులకు పెట్టాను. మంట వచ్చే రంధ్రాల మీద పెడితే అవి పూడి మంట పచ్చగా, మసిగా వస్తుందని ఒకసారి తెలుసుకొని, అక్కడ మానేశాను. ఈ కొత్తదానికి చెవి లేదు కదా. బొట్టు పెట్టడానికే చేసినట్టు రెండు గుర్తులు ఉన్నాయి. ఎవరికీ తక్కువ చేయకుండా రెండింటికీ పెడుతున్నాను, తడి ఉంగరపు వేలితో, ఒకదాని వెంట ఒకటి.

పరీక్షించి చూశాను. వేలు తడిపి తాకాను. కుయ్‌మన్నది. రెండోది తాకాను. మళ్లీ కుయ్‌మన్నది, పలక ఎర్రబడింది. శుక్రవారాల్లో నా ఎడమ చేతిలో గంట మోగుతుంటుంది. ఆ సన్నటి కూత నాకు ఎక్కడ వినిపిస్తుంది?

ఆపేసి చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మెకానిక్ వెళ్లిపోయాడు. "నిన్నటిది వోల్టేజేనట" అని ఒక్క మాట అంటే సరిపోతుంది. సాయంత్రం దాకా ఆ మాటను నోట్లో తిప్పి తిప్పి చూసుకున్నాను. కానీ కోడలి సున్న అట్లాగే ఉంటే రేపు వియ్యపురాలు వచ్చి చెయ్యి తిరగలేదనే అంటుంది, తప్పు చేయని కోడలు తల దించుకుంటుంది. ఆ తప్పుడు లెక్క కింద ఉన్నది నా చేతిరాత.

కోడలు బడి నుంచి రాగానే పిలిచాను. ఎర్ర పెన్నుతో రాసిన మూడో సున్నను అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. రిజిస్టర్‌లో కొట్టివేత ఉంటే సంతకం ఉండాలి. తర్వాత పసుపు డబ్బాలో వేలు ముంచి, రెండు శుక్రవారాల మీదా ఒక్కో పసుపు సున్న చుట్టాను.

కోడలు క్యాలెండర్ చూసింది, నా వేలు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

"రెండే గద అత్తమ్మా. మీరు పొయ్యి ముట్టొచ్చు."

"అవ్వ ఎట్ల ముడ్తది?" అన్నది మనుమరాలు. "తప్పుడు లెక్క రాసినందుకు ఒకటి."

న్యాయంగానే ఉంది. మూడోది కూడా చుట్టాను. బొట్టు పొయ్యి వెనక గోడకు మారింది.

ఆదివారం వియ్యపురాలు వచ్చేసరికి నేను కుర్చీలో కూర్చున్నాను, కోడలు రొట్టెలు కొడుతున్నది.

"ఏంది వదినె, పానం మంచిగ లేదా?"

"అత్తమ్మకు సెలవు ఇచ్చిన" అన్నది కోడలు వెనక్కి తిరగకుండానే.

వియ్యపురాలు మూడు రొట్టెలు తిన్నది. నేను లెక్కపెట్టాను. చెయ్యి తిరగని మాట ఆ రోజు ఆమె నోటి నుంచి రాలేదు. తల్లిని బస్సెక్కించడానికి కోడలు మొగం వెలిగిపోతూ బయల్దేరింది. ఆ సంబరంలో పాల గిన్నె కింద సన్న మంట అట్లాగే వదిలేసింది.

పొయ్యి ముట్టకూడదు. రెగ్యులేటర్ పొయ్యి లెక్కలోకి వస్తుందా రాదా అన్నది చట్టంలో నేను రాయలేదు. లేచి రెగ్యులేటర్ బంద్ చేశాను. మంట ఆరింది. సున్న పెట్టలేదు.

తేదీ మాత్రం గుర్తుంది.