గాడిద కనిపెట్టిన గని

పాత గనుల చోట స్మారక ఫలకాలు నాటే చరిత్ర సోదరుల సంఘం నెవాడా ఎడారిలో గుడారాలు వేసే ప్రతి వసంతంలోనూ వెర్లిన్ హ్యాచ్‌ది ఒకటే వేషం: ఎర్రచొక్కా, సంఘం బిళ్లల బరువుకి వేలాడే నల్లకోటు, చేతిలో రేకు కప్పు. తాపీపని చేసి బతికినవాడు కనుక మడతకుర్చీని కూడా ఇసుక చదును చేసిగానీ వేసుకోడు. మంట దగ్గర అతను చెప్పే కథా ఒకటే. ఎవరిదో గాడిద కాలితో తన్నిన చోట వెండిగని బయటపడిందట. ఒకప్పుడు తాగిన మైకంలో అతనే అల్లిన కథ అది. ఈసారి సోదరులు దాన్ని నిజమైన చరిత్రగా కంచు ఫలకం మీద పోత పోయించి తెచ్చారు. రాతిదిమ్మెకి సిమెంటు పూస్తుంటే వెర్లిన్ కుర్చీలోంచి లేచాడు.

"ఆపండ్రా! అదంతా గాడిదగుడ్డు. నేనే కల్పించాను."

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "ముసలాడు ఎంత బాగా నటిస్తున్నాడో చూశార్రా!" అంటూ సంఘం పెద్ద ప్రూయిట్ అతని వీపు చరిచాడు. వెర్లిన్ ఒట్టేసి చెప్పాడు. నవ్వు ఇంకా పెరిగింది. వెళ్లిపోదామంటే అతని ట్రక్కు వాళ్ల బండ్ల మధ్య ఇరుక్కుని ఉంది.

ఇంతలో దిమ్మెకి అతికించిన ఫలకం ఓ పక్కకి ఒరిగి ఉండటం అతని కంటపడింది. చూడకుండా ఉందామనుకున్నాడు. కాసేపే ఉండగలిగాడు.

"తప్పుకోండ్రా, వంకరగా పెట్టారు," అని తాపీ అందుకున్నాడు. రసమట్టం పెట్టి చూసి, సిమెంటు ఆరకముందే సరిచేశాడు. ఇక అది వందేళ్లు కదలదు.