దొర కారుకు కట్టిన ఎద్దులు

కార్లు నడిపిన రోజుల్లో ఏ బండికి ఏ జబ్బు చేసిందో, అది ఎలా కుదిరిందో ప్రతి సాయంత్రం డైరీలో రాసుకునేవాణ్ని. ఇప్పుడు వాటిని తీరిగ్గా చదువుకుంటాను. మర్రిగూడ దారిలో దొర కారు ఆగిన రోజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండిపోతుంది.

నైజాం పాలన చివరి రోజులవి. నేను ఆ దొరకు డ్రైవర్ని. ఆయన కారులో పెట్రోలును ట్యాంకు నుంచి ఇంజనుకు తోడేది కరెంటుతో నడిచే చిన్న పంపు. తాళం తిప్పగానే టకటకమని కొట్టుకునేది. ఎండాకాలంలో ఇంట్లో పెళ్లికని దొర కారుకు కొత్త రంగు వేయించాడు. రంగు వేసినవాడు బానెట్ లోపలి రేకుకు కూడా దట్టంగా పూసి, పంపును ఆ రంగు మీదే బిగించాడు. అప్పటి నుంచి బండి ఉండుండి దగ్గేది. ఒక పూట ఇస్తే చూస్తానని ఎన్నిసార్లు అడిగినా, "నడుస్తాంది గద, ఏం జూస్తవ్?" అనేవాడు.

ఆగినా ఆయనకు ఫికర్ లేదు. దగ్గరి చేలో ఎవరి ఎద్దులుంటే అవి విప్పుకొచ్చి కారుకు కట్టాల్సిందే. వెట్టి.

తొలకరి వాన పడ్డ మరునాడు తాలూకా కచేరీకి పోతుంటే కారు ఆగింది. దొర తన వెంట వచ్చే జవానును పంపాడు. ఆముదాలు వేస్తున్న ఒక రైతుతో నాగలి విప్పించి, ఎద్దులతో సహా అతన్ని తోలుకొచ్చాడు జవాను.

"బాంచెన్ దొరా, పదును పోతాంది. ఎర్ర చెల్క నేల, పొద్దుగూకేదాక తడి ఆగదు. ఇత్తులు ఏసి ఉరికొస్త."

"నీ ఇత్తులు యాడికి పోతయిరా? కట్టు."

"ఎద్దులెందుకు దొరా, జర నన్ను చూడనియ్యుండ్రి" అన్నాను.

"నువ్వు స్టీరింగు పట్టుకో."

పట్టుకున్నాను. ఎద్దులు కారును లాగుతుంటే ఆ రైతు అడుగడుక్కీ వెనక్కి తిరిగి తన చేనుకేసి చూశాడు. ఎండ చురుక్కుమంటోంది. నేను పళ్లు పటపట కొరికాను. చేను కనుమరుగైన చాలాసేపటికి, ఎత్తు ఎక్కేచోట తాడు తెగింది. ఇంకో తాడు కోసం జవాను పోయాడు. నేను అడగడం మానేసి బానెట్ లేపాను.

తాళం తిప్పితే పంపు చప్పుడు లేదు. దానికి వచ్చే తీగ విప్పి ఇంజను ఇనుముకు తాకిస్తే నిప్పురవ్వ లేచింది. అంటే కరెంటు వస్తోంది. మరి అది బ్యాటరీకి తిరిగి పోయే దారేది? ఆ దారి కారు ఒంటి ఇనుమే. తీగ మళ్లీ బిగించి, ఒక తీగముక్కతో పంపు ఒంటిని ఇంజనుకు కలిపాను. టకటకమంది. పంపుకూ రేకుకూ మధ్య రంగే అడ్డం. ఇన్నాళ్లూ బోల్టు దగ్గర ఎక్కడో కాస్త తగులుతూ నడిచింది. గతుకులకు ఆ కాస్తా వదిలింది. పంపు విప్పి, రేకు మీద రంగును ఇనుము మెరిసేదాకా గీకి బిగించాను. ఇంజను లేచింది.

దొర దిగి వచ్చి ఆ గీకిన చోటే చూశాడు. "పెండ్లి రంగు గీకితివి గదరా!"

"బండి నడిచింది దొరా. ఎద్దుల్ని పంపియ్యుండ్రి."

"మల్ల ఆగితే? ఎద్దులు ముంగట నడవాలె. నువ్వు ఎనుక మెల్లగ రా, కచేరి దాక."

నడిచే కారుకు ఎద్దులు తోడు! ఆ రైతు ముఖం చూశాను.

"మెల్లగ పోతే పంపు ఆగుతది దొరా. జోరుగ పోతెనే కొట్టుకుంటది." పచ్చి అబద్ధం. మాట తడబడకుండా చెప్పాను.

"అయితే ఎద్దుల్ని ఉరికియ్యిరా" అన్నాడు దొర రైతుతో.

"మోటరుతోని ఉరకనీకె ఇయ్యేమన్న గుర్రాలా దొరా?"

అప్పుడే తాడుతో తిరిగొచ్చిన జవాను నవ్వు ఆపుకోలేకపోయాడు. దొరకు చిర్రెత్తింది. "పో, నా కండ్ల ముంగట ఉండకు!"

రైతు ఎద్దుల్ని తిప్పుకుని దాదాపు పరుగెత్తాడు.

కొన్నాళ్లకు అదే దారిన ఒంటరిగా కారు తెస్తూ చేను దగ్గర ఆపాను. ఆనాడు కారు ఆగకముందు వేసిన సాళ్లు మొలిచాయి. తడారాక తిరిగొచ్చి వేసినవి లేవలేదు. ఆ ఎర్రమట్టిలో సగం చేను బోడిగా ఉంది.

రైతు గట్టు మీంచి చేతులెత్తి దండం పెట్టాడు. "నీ పున్నెమాని గీ సగమన్న మొలిచింది డ్రైవర్ సాబ్!"

ఆ మొలిచినదాంట్లో నా పుణ్యమేముంది? చేతులు దించమని అరిచాను. నా కోపం తన మీదేననుకుని అతను బెదిరిపోయాడు.