చుక్కల ఫోటోకు మా జేజినాయన గొర్రు

మా చిన్నప్పుడు... ఊరంతా వాన కోసం ఆకాశం చూస్తున్న రోజుల్లో, మా చిన్నాయన కడప నుంచి సంచిలో ఒక కెమెరా పెట్టుకుని దిగాడు. మాది కమలాపురం దగ్గర చిన్న పల్లె. చిన్నాయన మా నాయనకు తమ్ముడు, బడిలో సైన్సు చెప్పే అయ్యవారు.

కెమెరా ఆయన స్నేహితుడిది. రీల్లో మిగిలింది ఒకే ఒక్క ఫోటో. మర్నాడే తిరిగిచ్చెయ్యాలి. ఆ ఒక్కదాంతో ఉత్తరాన ధ్రువ నక్షత్రాన్నీ, దాని చుట్టూ ఉన్న చుక్కల్నీ తీయాలని ఆయన ఆశ.

చుక్కల వెలుతురు చాలదు కాబట్టి కెమెరా కన్ను గంటసేపు తెరిచే ఉంచాలట. ఆ గంటా అది వెంట్రుకవాసి కూడా కదలకూడదట. ఆయన తెచ్చిన మూడుకాళ్ల స్టాండేమో మా గాలికి అప్పుడే పుట్టిన దూడలా వణికింది...

నాకప్పుడు పదేళ్లు. ఏదైనా సరే తట్టి, ఊపి చూడందే నిద్రపట్టని పిల్లని. కదలని వస్తువు కోసం ఇద్దరం ఇల్లంతా వెతికాం. రోలు కదలదు, కానీ చేను దాకా మోసేదెవరు? ఇంటి దగ్గరే తీద్దామంటే ఉత్తరాన వేపచెట్టు అడ్డం. ఎద్దులబండి మీద ఊపిరి పీల్చినా కిర్రుమంటుంది. చివరికి నా కళ్లు పంచలో ఉన్న గొర్రు మీద పడ్డాయి.

తెలియనివాళ్ల కోసం చెబుతా... గొర్రంటే విత్తనాలు వేసే పనిముట్టు. బరువైన తుమ్మమొద్దుకు కింద మూడు పళ్లు. పైన చెక్కగిన్నెలో గింజలు పోస్తే గొట్టాల్లోంచి జారి సాళ్లలో పడతాయి. మూడు పళ్లూ నేలలో దిగితే ఇక స్టాండెందుకు అనుకున్నా.

అది మా జేజినాయనది, అంటే నాయనకు నాయన. ఆయన తండ్రి చేయించింది. విత్తే పనికి అప్పటికే పసుపు రాసి ఉంచాడు. చుక్కల ఫోటోకని అడిగితే మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"గింజల్లేకుండా గొర్రు చేనికి పోగూడదురా. అంత అవసరమైతే కొర్రలు తీస్కోని పోండి."

చుక్కలకు కొర్రలెందుకని చిన్నాయన గొణిగాడు గానీ, ఎదురు చెప్పలేక మూట నా నెత్తిన పెట్టాడు. గిన్నె, గొట్టాలు విప్పి ఇంట్లో ఉంచి, గొర్రును ఆయనా మా నాయనా మోశారు. చేలో గడ్డపారతో మూడు గుంతలు తవ్వి, పళ్లు దించి, మట్టి తొక్కాం. తోసి చూశా... కొండలా నిలబడింది.

తీరా చూస్తే మొద్దు మీద పెట్టిన కెమెరా చేను గట్టునే చూస్తోంది. ముందువైపు రాయి పెట్టి ఎత్తితే జారిపోతోంది. నేను కొర్రల మూటను మొద్దు మీద పరిచి, కెమెరాను అందులోకి అదిమా. ఎటు వంచితే అటు నిలిచింది! జేజినాయన పట్టింపే మాకు పనికొచ్చింది.

చుక్కలు పొడిచాక చిన్నాయన కెమెరా కన్ను తెరిచాడు. ఆ గంటా తుమ్మొస్తే ముక్కు పట్టుకుని కూర్చున్నా.

పదిరోజులకు చిన్నాయన ఫోటో కడిగించి తెచ్చాడు. చుక్కలకు బదులు తెల్లగా గీతలు...

"గొర్రు అదిరింది నాయనా" అన్నాడు చిన్నాయన.

జేజినాయన దిగ్గున లేచాడు. పంచలోకి పోయి గొర్రు పళ్లు ఒక్కొక్కటే తడిమాడు. వదులైన గొర్రుతో విత్తితే సాళ్లు వంకరపోతాయి, రేపు వడ్రంగి పని చేసే వడ్లాయనను పిలిచి విప్పిద్దాం అన్నాడు. వాళ్ల నాయన చేయించిన గొర్రు అది. ఆయన గొంతు విని నాకు ఏడుపొచ్చింది. గొర్రును చూపించింది నేనే కదా!

ఫోటో తీసుకుని గడపలో కూర్చున్నా. అటు తిప్పా, ఇటు తిప్పా. గీతలన్నీ ఒకే చోటు చుట్టూ వంగి ఉన్నాయి. వాటి నడుమ ఒక్క చుక్క మాత్రం చుక్కగానే ఉంది.

"చిన్నాయనా, గొర్రు అదిరింటే ఈ చుక్క గూడా అదరాల గదా?"

ఆయన ఫోటో లాక్కుని చూశాడు. అది ధ్రువుడు, మిగతా చుక్కలు చుట్టూ తిరుగుతున్నట్టున్నా తాను కదలనిది. రోజూ పిల్లల చేత వల్లె వేయించే పాఠం అప్పుడు గుర్తొచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"గొర్రు కదల్లేదు నాయనా. తిరిగింది భూమి."

జేజినాయన గొర్రు మొద్దును అరచేత్తో తట్టాడు. "నేల తిరుగుతాండాదా? అయినా మన సాళ్లు చక్కగా వచ్చినాయంటే... గొర్రు శానా గట్టిదేలే."

వడ్లాయనకు కబురు పోలేదు. వాన పడ్డాక జేజినాయన ఆ మూటలో కొర్రలే ముందు విత్తాడు.

ఇప్పుడు మా వైపు గొర్రు కనబడటమే అరుదు. మీ ఇంట్లోనూ ఒక పనికి చేసి ఇంకో పనికి ఆదుకున్న పనిముట్టు ఉండే ఉంటుంది... దాని పేరు కింద రాయండి, చదవాలని ఉంది.

మొన్న మిద్దె మీద నా ఫోనుతో చుక్కల్ని తీశా. చెయ్యి వణికినా అదే సరిచేసుకుందట, చుక్కలు చుక్కల్లాగే వచ్చాయి. ఎంత వెతికినా భూమి తిరిగిన జాడ మాత్రం అందులో కనబడలేదు...