వెయ్యి మొహాల ముందు చక్రాల కుర్చీ

కువైట్‌లో నేను పనిచేసే ఇంట్లో మనిషి లేని గది ఒకటి ఉంది. మనిషి లేడు గానీ ఏసీ మాత్రం ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. నా గదిలో ఏసీ చల్లబరిచేదానికంటే దగ్గేదే ఎక్కువ. ఆ గది ముందు నిలబడితే మాత్రం తలుపు కింద నుంచి పాదాలకు చలి తగులుతుంది.

అది మామా కబీరా చిన్న కొడుకు గది. కబీరా అంటే పెద్ద. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం; నాకు జీతమిచ్చే మామాకు ఆమె అత్తగారు. ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఏడు, రొట్టెలు తెస్తానని బయటికెళ్ళిన కుర్రాడు మళ్ళీ రాలేదు. కబురు లేదు, శవం లేదు. అప్పటికి నేను రాయచోటి పక్కన మా పల్లెలో ఇంకా పలక పట్టలేదు. తర్వాత పట్టానే గానీ, ఐదో తరగతిలోనే బడికి ఖలాస్ చెప్పేశాను.

వారానికోసారి ఆ అబ్బాయి తెల్ల అంగీ ఇస్త్రీ చేసి తగిలించాలి. ఫొటో తుడవాలి. తుడవడమే నా పని, చూడడం కాదు. ఇంటి పనిలో చెయ్యి ఒకటి చేస్తుంటుంది, మనసు ఇంకెక్కడో కూరకు తాలింపు వేస్తుంటుంది.

ఇక్కడ పోయినవాళ్ళ పేరెత్తితే వెంటనే ‘అల్లా యర్హమా’ అంటారు, దేవుడు కరుణించాలని. ఒకసారి చుట్టాలావిడ ఒకామె ఆ అబ్బాయి పేరు తర్వాత ఆ మాట అనేసింది. మామా కబీరా కాలి చెప్పు గాల్లో లేచింది. సోఫా కింద దూరి దాన్ని వెతికి తెచ్చింది నేనే.

పోయినేడు పిల్లల సెలవులకు ఇంటిల్లిపాదీ జపాన్‌లోని క్యోటో ఊరికి ప్రయాణం కట్టారు. మనవళ్ళకు ఆ దేశపు కార్టూన్ల పిచ్చి. పెద్దావిడను ఒంటరిగా వదల్లేరు, ఆమె కుర్చీ తోసే చేతులు నావి. కువైట్‌లోనే షుఐబా ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ పనిచేసే మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను.

“అక్కా, జపానోళ్ళు వాటంతట అవే పొయ్యే కుర్చీలు చేసినారంట. ఒకటి కొనుక్కోని, నిన్ను ఆడనే ఇడిసిపెట్టి వస్తారు సూడు.”

“ఇడిసిపెడితే ఆడనే ఇంకో కఫీల్‌ను, పనిచ్చేటోణ్ని, ఎతుక్కుంటాలే. నువ్వు మూసుకోని రాడ్డు కాల్చుకో.”

క్యోటో గుళ్ళలో నన్ను ముందు భయపెట్టింది నిశ్శబ్దం. అంత జనంలో ఒక్కరూ గొంతెత్తరు. గుడంటే గంటలు, తోపులాట, తప్పిపోయిన పిల్లాడి ఏడుపు ఉండాలి కదా! ఇక్కడ దేవుడికి మెలకువ వస్తుందేమో అన్నట్టు నడుస్తారు. ఒక దారి పక్కన చిన్న చిన్న రాతి బొమ్మలు వరసగా కూర్చున్నాయి. మెడలకు ఎర్ర గుడ్డలు, కొన్నింటి నెత్తిన ఊలు టోపీలు. చనిపోయిన పిల్లల కోసం తల్లులు కడతారని మాతో వచ్చిన జపాన్ గైడమ్మ చెప్పింది. మామా కబీరా మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత చెప్పులు విప్పించి, కుర్చీ చక్రాలు కూడా తుడిపించి, ఒక చెక్క మండపంలోకి తీసుకెళ్ళింది. రైలంత పొడుగు. లోపల మసక వెలుతురు. వరసల వెనక వరసలుగా, మనిషెత్తు బంగారు విగ్రహాలు వెయ్యికి పైగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదానికి బోలెడు చేతులు. అందులో రెండు నాకిస్తే రంజాన్ నెలలో గిన్నెలు తోముకుంటాను కదా అనుకున్నాను.

గైడమ్మ ఇంగ్లీషులో ఏదో గుసగుసలాడింది. పిల్లల్ని భయపెడదామని మామా దాన్ని అరబ్బీలో చెప్పింది: “చచ్చిపోయినవాళ్ళలో మనం ఎవరిని చూడాలని తపిస్తామో, వాళ్ళ మొహం ఇందులో ఎక్కడో ఒకచోట కనబడుతుందట.”

చెప్పి నాలుక కరుచుకుంది. అప్పటికే మామా కబీరా వినేసింది.

“యల్లా, తొయ్యి,” అంది నాతో. “ఒక్క మొహం కూడా వదలొద్దు. నా కొడుకు ఇందులో లేడు. లేడని వీళ్ళందరికీ చూపిస్తా.”

ముప్పై ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ నెగ్గని వాదం అది. ఇప్పుడు ఆమె ఆ చెక్క నేల మీద తేల్చేస్తానంటోంది. నేను తోశాను. ఆమె ఒక్కో మొహాన్నీ చూసి, చిన్నగా తల అడ్డంగా ఊపి, తర్వాతి దానికి వెళుతోంది.

నవ్విద్దామని, “మామా, వీడు షర్క్ చేపల మార్కెట్లో మనకు కుళ్ళిన రొయ్యలు అంటగట్టినోడిలా లేడూ?” అన్నాను. ఆమె నవ్వలేదు. కాసేపటికి నాకూ నవ్వు రాలేదు. మొదట అన్నీ ఒకే మొహంలా కనిపించినవి, పోనుపోను వేర్వేరు మనుషులయ్యాయి. నేను వాళ్ళను చూడడం పోయి వాళ్ళు నన్ను చూస్తున్నట్టు మెడ వెనక చల్లబడింది.

అప్పుడు కనిపించాడు. మూడో వరసలో, ముందువాడి భుజం వెనక నుంచి. నవ్వు ఆపుకుంటున్నట్టు ఒక పక్కకు నొక్కిన పెదవి. ఎడమ కనుబొమ్మ మీద బంగారు పూత ఊడి ఒక గీత. చిన్నప్పుడు మేకల దొడ్డి గేటెక్కి పడితే మా తమ్ముడికి పడిన గీత.

కాళ్ళు ఆగిపోయాయి. ఇక్కడ కనిపించేది చచ్చిపోయినవాళ్ళు మాత్రమే కదా. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వింత ఏమిటంటే, ఎందుకు ఆపావని ఆమె అడగలేదు.

చివరికి “తొయ్యి” అంది. తోశాను. కుర్చీ కదల్లేదు. వంగి చూస్తే బ్రేకు వేసి ఉంది. నేను వెయ్యలేదు. బ్రేకు పిడి ఆమె చేతి పక్కనే ఉంటుంది.

మండపం చివర ఆమె గట్టిగా చెప్పింది: “చూశారుగా. లేడు.” మామా ఊపిరి పీల్చుకుంది. అందరూ ముందుకు నడిచాక పెద్దావిడ నన్ను దగ్గరికి పిలిచింది.

“నీకెవరైనా కనిపించారా?”

“నాకెవరు కనిపిస్తారు మామా? మా వాళ్ళందరూ బతికే ఉన్నారు.”

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, తొయ్యమన్నట్టు చెయ్యి ఊపింది.

తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. ప్లాంటులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరని తెలుసు, అయినా చేస్తూనే ఉన్నాను. సాయంత్రం కొండ మీదికి పోయే దారిలో ఎర్ర ద్వారాలు, ఒకదాని వెనక ఒకటి, అంతులేని గొంతులా. వాటి మధ్య కుర్చీ తోస్తుంటే ఫోన్ మోగింది. కువైట్‌లో వాడికది అన్నం వేళ.

“ఒరేయ్, బతికే ఉండావా?”

“లే, పీనుగును మాట్లాడ్తాండా. ఏందిక్కా, అన్నిసార్లు చేసినావు? ఆడ కూడు పెడ్తాండారా, లేదా?”

నేను ఏడ్చాను. వాడు ఇంకా నవ్వాడు.

కువైట్ తిరిగొచ్చిన మర్నాడు మామా కబీరా ఆ గది గుమ్మం దగ్గరికి కుర్చీ తోయించుకుంది.

“ఏసీ ఆపెయ్యి.”

తప్పుగా విన్నానేమో అని ఆమె వైపు చూశాను. చేత్తో మీట చూపించింది. లోపలికెళ్ళి ఆపాను. ఇన్నేళ్ళ గుయ్యిమనే చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి నా చెవుల్లో నెత్తురు పారడం వినిపించింది. ఎదురుగా ఫొటో. ఇన్నాళ్ళూ తుడిచానే గానీ, చూసింది అప్పుడే. నవ్వు ఆపుకుంటున్నట్టు ఒక పక్కకు నొక్కిన పెదవి.

అయితే ఆ మండపంలో ఉన్నది మా తమ్ముడు కాదు, ఈమె కొడుకు. మంచం అంచు పట్టుకున్నాను. అంతలోనే అనుమానం వచ్చింది. కనుబొమ్మ సంగతో? ఫొటో దగ్గరికి మొహం పెట్టి చూశాను. కనుబొమ్మ నున్నగా ఉంది. ఏ గీతా లేదు.

“అందులో ఉండదు,” అంది వెనక నుంచి మామా కబీరా. “ఆ దెబ్బ ఫొటో తీశాక తగిలింది. సైకిల్ మీద నుంచి పడ్డాడు.”

నేను కనుబొమ్మ సంగతి ఎవరికీ చెప్పలేదు. తిరిగి ఆమె మొహం చూసే ధైర్యం కూడా రాలేదు. గదిలో అప్పుడే వేడి మొదలైంది. ఆమె కొడుకు పేరు పలికింది, తర్వాత ఆ రెండు మాటలూ తనే అంది.

“అల్లా యర్హమా.”