అత్త రాకెట్టు పుస్తకాలు

మా మేనత్త పోయింది. పొద్దున ఎంత తలుపు కొట్టినా లేవలేదని కోవిల్‌పట్టి నుంచి ఇంటి యజమానురాలు ఫోన్ చేసింది. విరుదునగర్‌లో బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు కళ్లనీళ్లు రాలేదు. అది ఏడుపో, ఇన్నేళ్లు అదే బస్సులో తిరిగిన అలసటో తెలియలేదు.

చిన్న వయసులోనే భర్త పోతే ఆమె తిరుత్తంగల్ దగ్గర పాత కాగితాల గోడౌనులో పనికి చేరింది. టపాకాయలు చుట్టడానికి ఎక్కడెక్కడి దేశాల నుంచో కాగితం కట్టలుగా వచ్చేది. వాటిని విప్పి, దళసరివీ పల్చనివీ వేరు చేయడం ఆమె పని. ఒకసారి ఒక కట్టలో ముతక కాగితం మీద అచ్చేసిన పాత ఇంగ్లీషు కథల పత్రిక కనబడింది. అట్ట మీద ఎర్రటి నేల, రెండు చందమామలు, నిటారుగా ఒక రాకెట్టు. మేస్త్రీని అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఆ తర్వాత అలాంటివి ఎప్పుడు కనబడినా వదల్లేదు. పని మానేసి కోవిల్‌పట్టి చేరేనాటికి రెండు ట్రంకుపెట్టెలు నిండాయి.

అవి ఎందుకని నాన్న విసుక్కుంటే అనేది: "ఎవురో కూకోని ఇంత దూరం తలిచినాడు అన్నా. దాన్ని పటాసుకి చుట్టేదా?"

ఆమెకు ఇంగ్లీషు రాదు. తమిళం కూడబలుక్కుని చదివేది. తరాల కిందట ఈ తమిళ సీమకు వచ్చిన మా తెలుగు నోటి మాటే, అక్షరాలు తెలియవు. అందుకని కథలు చెప్పే పని నాది. బడిలో పాఠాలు చెప్పి చెప్పి బొంగురుపోయిన గొంతుతో వెళ్లేదాన్ని.

"వొచ్చినావా పాప? కాపీ తాగేసి కత చెప్పు."

"గొంతు నొప్పి అత్తా."

"మెల్లగా చెప్పు. నాకేమి తొందర?"

ఒక కథలో ఒకడు నక్షత్రాల దాకా పోయి, ఎన్నో ఏళ్లకు తిరిగి వస్తాడు. ఊళ్లో అతన్ని ఎవరూ గుర్తుపట్టరు. అత్త ముందుకు జరిగి కూర్చుంది.

"పాపం, వానికి ఎవురైనా ఇంత కూడు పెట్టినారా?"

"కథలో అది లేదత్తా."

"రాసినోడు మరిసిపోయినాడు. నువ్వు పెట్టించు."

ఒక ముసలమ్మను కల్పించి, అన్నం, వంకాయ పులుసు పెట్టించాను. అత్త తృప్తిగా కాళ్లు చాపుకుంది. అప్పటి నుంచి ఏ గ్రహం కథ చెప్పినా అన్నం పెట్టే మనిషి ఒకరు ఉండాల్సిందే. చివరి ఏళ్లలో చూపు పోయింది. అట్టల మీది బొమ్మలు కూడా నేనే చెప్పేదాన్ని.

కర్మలు అయ్యాక ఇల్లు ఖాళీ చేయమన్నారు. మా అన్న పాత పేపర్లు కొనేవాణ్ణి పిలిపించాడు. వాకిట్లో తక్కెడ వేలాడదీశారు.

"ఎవురు చదివేది ఇవన్నీ? నీ ఇంట్లో చోటు యాడుంది?" అన్నాడు అన్న.

అతను అన్నది నిజమే. వాదించే ఓపిక లేదు నాకు. పోయి పెట్టె మీద కూర్చున్నాను.

"నేను తీసకపోతా అన్నా."

అన్న వంగి, ఒక్కో పెట్టె రెండో పిడి తాను పట్టుకుని నాతో పాటు ఆటో దాకా మోశాడు.

ఇంటికి తెచ్చి తెరిస్తే అడుగున ఉన్నవి చెదలు తినేశాయి. డాబా మీద ఆమె పాత చీర పరిచి అన్నీ ఆరబోశాను. ఎవరికివ్వాలో, ఎక్కడ పెట్టాలో ఇంకా తెలియదు. నడుం నొప్పితో పక్కనే చతికిలబడి ఒక పత్రిక పైకెత్తి చూశాను. అట్ట మీది నల్లటి ఆకాశమంతా చెద బెజ్జాలు. వాటిలోంచి సాయంత్రపు ఎండ చుక్కలు చుక్కలుగా నా చీర కుచ్చిళ్ల మీద పడుతోంది.