మిరియాల జున్ను, ఒక గుక్క బీరు

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకు పాలతోనే వచ్చింది. హిందూపురంలో మా ఇంటికి పాలు పోసే మనిషిది మా అత్తగారి ఊరే. రోజూ సైకిలు గంట కొట్టి, గిన్నె తెమ్మని వీధంతా వినబడేలా కేకవేసేవాడు. ఆ పొద్దున గంట కొట్టలేదు. వాకిట్లో నిలబడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మా, పెద్దమ్మ పోయింది. కొట్టం పక్కనే కదా మంచం ఏపిచ్చుకునింది. ఎనుము ఒకటే అరుస్తాంటే లేసి పోయి చూసినారు. అప్పటికే లేదు" అన్నాడు. చెప్పి, అలవాటు కొద్దీ నా గిన్నెలో పాలు పోసి మరీ వెళ్లాడు. ఆ పాలు మా ఇంట్లో ఎవరూ కాచలేదు.

ఆమె నా భర్త అన్నగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. చావింటికి వచ్చినవాళ్లంతా ఒకటే పాట పాడారు. ఎనుముల తల్లి అన్నారు, గడప దాటని ఇల్లాలు అన్నారు. ఎనుములంటే మా వైపు గేదెలు లెండి. మొదటి మాట ఒప్పుకుంటాను. రెండో మాట విన్నప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. గడప దాటాలని ఆమెకు ఎంత ఉండేదో నాకు తెలుసు. పొగడ్తల కింద ఆ సంగతి పూడ్చిపెట్టేస్తారేమోనని ఇది రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికి మా బావ బెంగుళూరులో ఒక క్లబ్బులో వంటమనిషి. దొరలు పోయినా వాళ్ల తిండి అలవాట్లు మనవాళ్లు వదల్లేదని చెప్పేవాడు. అక్క ఊళ్లో ఉండేది. మా అత్తగారు పెద్దది, పొలం వానను నమ్ముకున్న మెట్ట, ఇంటికి ఆధారం కొట్టంలో ఉన్న రెండు ఎనుములు. పాలు, పెరుగు, నెయ్యి అన్నీ అక్క చేతి మీదే జరిగేవి. ఆమె తోడేసిన పెరుగు గిన్నె బోర్లించినా పడదని ఊరంతా చెప్పుకునేవారు. వాళ్లకు పిల్లలు లేరు. మొగుడు ఊళ్లో ఉంటే కదా పుట్టడానికని ఆమే నవ్వుతూ అనేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

బావ ఎప్పుడు వస్తాడో చెప్పడం సులువు. ఎనుము ఈనితే వస్తాడు. ఈనిందని కార్డు రాయించడం ఆలస్యం, రైలు దిగేవాడు. దూడను చూడ్డానికి కాదు, జున్ను కోసం. సంచిలో పంచెల మధ్య రెండు బీరు సీసాలు పడుకొని వచ్చేవి. మా జిల్లాలో అప్పుడు మద్యనిషేధం. స్టేషన్లో పోలీసు కనబడితే బావ భజన కీర్తన అందుకునేవాడట. అంత భక్తుణ్ని సోదా చెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది!

క్లబ్బులో బీరు తాగేవాళ్లు పక్కన చీజు పెట్టుకొని తింటారని బావే మాకు చెప్పాడు. పాలను విరిచి, నీళ్లు పిండేసి, బరువు పెట్టి, ఉప్పేసి నిలవ ఉంచేది చీజు. ఆ బీరు చేదుకు పాల కమ్మదనం తగిలితే రెండూ బాగుపడతాయన్నాడు. అక్క శ్రద్ధగా విన్నది గానీ, పాలు విరవడమన్న మాట దగ్గర చెవులు మూసుకుంది. మా ఇళ్లలో పాలు వాటంతటవి విరిగితేనే ఏదో కీడు అనుకుంటాం. కావాలని విరగ్గొట్టేది ఎవరు?

అందుకని ఆమె జున్ను మీద పడింది. ఈనిన ఎనుము మొదటి పాలు విరవకుండానే గట్టిపడతాయి కదా. దేవుడికీ ఇరుగుపొరుగుకూ బెల్లం జున్ను వండి పంచిపెట్టి, చివర మిగిలిన పాలలో బెల్లానికి బదులు ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, కాస్త జీలకర్ర వేసి ఆవిరి మీద ఉడికించేది. చల్లారాక గుడ్డలో మూటగట్టి నీళ్లోడేదాకా వేలాడదీసేది. తర్వాత ముక్కలు కోసి, పెనం మీద నేతిలో అంచులు ఎర్రబడేలా కాల్చేది. పక్కన పెరుగులో ఊరబెట్టి ఎండబెట్టిన మిరపకాయలు వేయించి పెట్టేది. ఒకసారి చక్కెర సగానికి తగ్గించి, మాడుతుందా అన్నంతదాకా కోవా కలియబెట్టింది. అది కూడా బీరుకు బాగానే కుదిరింది. మీగడలో ఉల్లిపాయ కొట్టి పెడితే మాత్రం బావ తల అడ్డంగా ఊపాడు. ఆ మీగడ మేం సంగటిలో వేసుకొని తిన్నాం.

సీసాకు తడిగుడ్డ చుట్టి, చేద తాడుకు కట్టి పెరటి బావిలోకి దింపేవాడు బావ. పొద్దు వాలేవేళకు చల్లబడేది. మా అత్తగారు భజనకు వెళ్లే సాయంత్రం చూసుకొని, గడ్డివామి చాటున చాప వేసుకునేవాడు. అక్క పళ్లెం అక్కడ పెట్టి వెనక్కి తిరిగేది. మా ఇళ్లలో ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి కూర్చొని తినరు. వాళ్లు లేచాక, అందరూ తిన్నాక, గిన్నెలో ఏం మిగిలితే అది. ఆమె ఏం తినేదో నిజంగా మా ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం బావ ఆమె చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాడు. నేను కొట్టంలో గడ్డి వేస్తూ ఉన్నాను, అన్నీ వినబడ్డాయి.

"ఇదో, ఈ ముక్క తిను. దాని మీద ఒక్క గుక్క తాగు. నోట్లో ఏమైతాండాదో చెప్పు."

"నీకేమన్నా బుద్ధుండాదా? ఎవురన్నా చూస్తే?"

"చూస్తే చూడనీలే. చేసినదానివి నువ్వు. ఎట్లుండాదో నువ్వు చెప్పకుంటే ఇంకెవురు చెప్తారు?"

గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆమె దగ్గు, ఆయన నవ్వు.

"చేదుగా ఉండాది, ఏముండాది!"

"చేదు పోనీ. దాని తర్వాత?"

ఆమె ఆలోచించి చెప్పింది. "తర్వాత పాలు తీపి అయితాండాయి. నేను బెల్లమే ఎయ్యలేదు, యాడినుంచి వస్తాండాదో ఈ తీపి!"

ఆ గొంతు అంతకు ముందు నేను వినలేదు. వంటింట్లో, కొట్టంలో, అత్తగారి ముందు మాట్లాడే గొంతు కాదు అది. ఆ తర్వాత ఎనుము ఈనినప్పుడల్లా ఆ చాప మీద ఇద్దరూ కూర్చునేవాళ్లు. ఒక్క గుక్క, అంతే. రెండో గుక్క ఆమె ఎప్పుడూ తాగలేదు.

బావ ఒకసారి ఆ ముక్కల్ని టిఫిను డబ్బాలో పెట్టుకొని రైలెక్కాడు. మళ్లీ వచ్చినప్పుడు మొహం వెలిగిపోతూ ఉండింది. క్లబ్బులో బీరు పక్కన పెడితే డబ్బా ఖాళీ అయిందట. క్లబ్బు వెనక వంటింటి కోసం కొన్ని ఎనుములు కట్టారట. వాటిని చూసుకుంటూ ఇలాంటి పాల తినుబండారాలు చేసే మనిషి కావాలట. ఉండటానికి ఒక గది ఇస్తామన్నారట.

"పెండ్లైనప్పటినుంచి నేనాడ, నువ్వీడ. ఇంగ చాలు. వచ్చేయి" అన్నాడు.

అక్క మర్నాడు అటక మీది ట్రంకు పెట్టె దించి, తుడిచి, రెండు మంచి కోకలు మడతపెట్టింది. "బెంగుళూరులో చలంట గదా, ఆ ఎనుములకు గోనెపట్టలన్నా కప్పుతారో లేదో" అని నాతో దిగులు పడింది. ఎనుముల చలి సంగతి తప్ప తన సంగతి ఏమీ అనలేదు. వాటి మీద పెట్టి చెప్పుకోవడం ఆమె పద్ధతి. మళ్లీ ఎనుము ఈనే నాటికి బావ వచ్చి తీసుకుపోయేట్టు అనుకున్నారు.

ఆ ఏడు వాన పడలేదు. మా వైపు వాన పడకపోవడం వార్త కాదు గానీ, ఆ ఏడు బావి కూడా ఎండింది. ఎనుము ఈనింది, బావ వచ్చాడు, సీసా దింపడానికి బావిలో నీళ్లు లేవు. ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒక్కటే, పాలకుండల కింద తడిపి ఉంచే ఇసుక. రెండు సీసాలూ అక్కడే పాతిపెట్టాడు. ఎప్పటిలా చాప వేశారు, ఎప్పటిలా ఒక గుక్క. అంతలో ఎనుము అరిచింది. అక్క చేతులు కొంగుకు తుడుచుకొని అలాగే పోయి పాలు పిండింది.

బావ బెంగుళూరు వెళ్లాడు, గది సర్దిపెట్టి, వారంలో సెలవు పెట్టి వచ్చి తీసుకుపోతానని. ఆ వారంలోనే దూడ చచ్చిపోయింది. ఎనుము పాలు తగ్గి తగ్గి, చివరకు పొదుగు ఒట్టి తోలు తిత్తిలా వేలాడింది. ఇసుకలో మర్చిపోయిన రెండో సీసా మా అత్తగారి చేతికి దొరికింది.

"పాలుండే తావులో దీన్ని పెట్టినారా? ఇది ఇల్లనుకున్నారా, క్లబ్బనుకున్నారా? ఇంగ ఏమి తిని బతుకుతామే మనం?" అని నేల మీద కూలబడింది. ఆమెను తప్పు పట్టను. అది కోపం కాదు, ఆకలి భయం. సీసా ఎవరు పెట్టారో ఆమెకు తెలుసు. ఆ గుక్క సంగతి మాత్రం తెలియదు. అది తెలిసిన అక్క, తనకు తనే శిక్ష వేసుకుంది. మర్నాడు నన్ను తోడు తీసుకొని లేపాక్షికి నడిచింది. బసవన్న రాతి మెడ మీద చెయ్యి పెట్టి మొక్కింది. మా కొట్టంలో మళ్లీ పాలు పడితే ఊరు విడిచి పోననీ, ఆ చేదు మళ్లీ ముట్టననీ, పాలతో కలిపి ఎవరికీ పెట్టననీ.

"అక్కా, మేత లేక కదా ఎండింది. ఊళ్లో ఎవరి ఎనుము పాలిస్తాండాది చెప్పు" అని దారంతా పోరాను.

"అందరివీ ఎండినాయిలే. మనది ముందు ఎండింది" అన్నది.

బావ వచ్చి పెట్టె ఎక్కడ అని అడిగితే, "నేను రాను. ఆ ఊరు నాకు పడదు" అని ఒక్క ముక్క చెప్పింది. కారణం చెప్పలేదు. మొక్కు బయటపెడితే ఫలించదని ఆమె నమ్మకం. నన్ను కూడా నోరు తెరవనివ్వలేదు. ఆయన వాదించలేదు. తనంటేనే ఇష్టం లేదనుకున్నాడు. మరుసటి ఏడు వానలు పడ్డాయి, ఎనుము ఈనింది, పాలు పడ్డాయి. లోకమంతా సంతోషించే వానకు ఆమె కొట్టంలో కూర్చొని ఏడ్చింది. ట్రంకు పెట్టెలోని కోకలు తీసేసి ఎనుము మేతకు పత్తిగింజలు పోసింది. ఈనిందన్న కార్డు మళ్లీ రాయించలేదు. బావ పండక్కో పబ్బానికో చుట్టంలా వచ్చి పోయేవాడు. అత్తగారు పోయారు, మేం హిందూపురం వచ్చేశాం. ఆమె మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఉద్యోగం మానేసి బావ ఇంటికి చేరేసరికి ఇద్దరి తలలూ నెరిశాయి. ఒకే ఇంట్లో మర్యాదగా, ఎదురింటివాళ్లలా మసిలారు. ఈ వేసవిలో ఆమె మంచం పట్టినప్పుడు చూడ్డానికి వెళ్లాను. బావ నీళ్లు పట్టించబోతే గ్లాసు పక్కకు జరిపి, ఇన్నేళ్ల తర్వాత ఆ సంగతి చెప్పింది. ఆ గుక్క, ఆ చేతులతో పిండిన పాలు, బసవన్న, అన్నీ.

బావ గ్లాసు కింద పెట్టేశాడు.

"నీ పాసుగూలా! క్లబ్బులో ఎనుములకు ఏమి పెడతాండిరి అనుకున్యావు? బీరు చేసినాక మిగిలిన పిప్పి. బండ్లకు బండ్లు తెచ్చి పోస్తాండిరి. దాన్ని తిని కుండలు కుండలు పాలిస్తాండె. బెంగుళూరులో పాడి చేసే ప్రతోడికీ తెలుసే ఇది. ఒక్క మాట, ఒక్క మాట నన్ను అడగకపోతివే!"

ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి, "నువ్వూ అడగలేదు గదప్పా, ఎందుకు రావని" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు.

పదకొండో రోజు పెద్ద దినం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి సమాధి దగ్గర పెట్టాలి కదా. ఆమెకేమిష్టమో చెప్పండమ్మా అని వంటవాళ్లు అడిగారు. ఇంటినిండా చుట్టాలు, ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇంతమందికి ఇన్నేళ్లు వడ్డించిన మనిషి ఏం తినేదో ఎవరూ చూడలేదు. బావ లేచి నా దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, ఎనుము మొన్ననే ఈనింది. ఆయమ్మ మాదిరి ఉప్పు జున్ను నీకు వస్తాదా?"

నాకు వచ్చినట్టు చేశాను. ఆమె చేతిలా కుదరలేదు, అంచులు ఎక్కువ మాడాయి. నిషేధం ఎత్తేశారు కదా, బావ హిందూపురం బస్సెక్కి పోయి, పట్టపగలు, గుడ్డ కూడా చుట్టకుండా సీసా చేత్తో పట్టుకొని తిరిగొచ్చాడు. సమాధి దగ్గర మా పెద్దవాళ్లు గొణిగారు. ముత్తయిదువకు ఇదేం పెట్టడమని ఒకాయన పైకే అన్నాడు. బావ ఎవరి వైపూ చూడలేదు. ఆకులో జున్ను ముక్క పెట్టి, గ్లాసులో ఒక గుక్క మాత్రం పోశాడు. అప్పట్లో చాప మీద ఆమెకు చోటు వదిలినట్టు, కాస్త పక్కకు జరిగి నేల మీద కూర్చున్నాడు.

ఆ గుక్కను మట్టి మీద వంచాడు. నురుగు ఆ ఎర్రమట్టి మీద కాసేపు నిలబడింది.

"ఇప్పుడు చెప్పు, ఏమైతాండాదో" అన్నాడు.

నురుగు ఇంకిపోయింది. చుట్టాలు ఒక్కొక్కరే లేచి ఊరిదారి పట్టారు. బావ మాత్రం తల అటు వంచి, ఆమె ఆలోచించి చెబుతుందన్నట్టు, అలాగే కూర్చొని ఉన్నాడు.