ఓబులేషన్న ఎడమ పక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మైదుకూరులో మా బజారంతా అంటుంది. అననీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుట్టుమిషను తొక్కుతూ, "జాకెట్టు బిగుతయింది మహేశ్వరీ" అని వచ్చేవాళ్లందరికీ సమాధానం చెప్పి చూడండి, మీ కోపం ఎక్కడ కూర్చుంటుందో తెలుస్తుంది. అయినా ఇప్పుడు చెప్పేది నా గురించి కాదు. మా పక్క కొట్టు ఓబులేషన్న గురించి.

మా రెండు కొట్లకూ మధ్య అడ్డం ఒక ప్లైవుడ్ చెక్క. అదీ ముందువైపు దాకా లేదు. నేను మిషను దగ్గర కొంచెం ముందుకు వంగితే ఆయన బల్ల కనబడుతుంది. ఆయన రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుంటే నేను ఆయనకు ఎడమ పక్క. ఏళ్ల తరబడి అంతే. ఉదయం టీ వస్తే "అన్నా, టీ" అంటాను. "తాగు మే, వచ్చాండా" అంటాడు. ఎప్పుడూ తొందరపడని మనిషి. చొక్కా జేబులో టెస్టరు, చెవి వెనక పెన్సిలు, సగం నెరిసిన గడ్డం.

ఆయన సొంతూరు అహోబిలం కొండల కింద. వయసులో ఉన్నప్పుడు తిరునాళ్లకూ పెళ్లిళ్లకూ మైకుసెట్ల వెంట తిరిగేవాడట. మనిషెత్తు సౌండు బాక్సులు భుజాన మోసి, ఆ రాత్రికి వాటి పక్కనే చాప వేసుకుని పడుకునేవాడట. "ఆ మోతలో నిద్రెట్ల పట్టేదన్నా?" అని అడిగితే, "అలవాటైతే మోత ఆగినప్పుడే మెలకువ వచ్చేది మే" అని నవ్వేవాడు. తర్వాత రిపేరు నేర్చుకున్నాడు. రేడియోలు పోయాయి, టేపులు పోయాయి, ఇప్పటి టీవీలు బాగుచేసేకంటే పారెయ్యడమే సులువు. ఆయనకు మిగిలినవి హోం థియేటర్లు. సినిమా హాల్లో మాదిరి గదిలో నలుమూలలా స్పీకర్లు పెట్టుకుంటారు కదా, వాటన్నిటికీ సౌండు పంచే పెద్ద పెట్టె ఉంటుంది. దాన్నే రిసీవర్ అంటారు. చుట్టుపక్కల ఎవరింట్లో అది మొరాయించినా ఓబులేషన్న దగ్గరికే వచ్చేది.

ఆయన పనితీరే వేరు. పెట్టె మూత విప్పేముందు ఇంటి సంగతి అడుగుతాడు. రామలక్ష్మమ్మ ఇంట్లో నేను కళ్లారా చూశాను. ఆమె మా వైపు పెద్ద రైతు ఇంటావిడ. మోకాళ్ల నొప్పులతో కదల్లేదు గానీ, ఫైటింగు సినిమా వస్తే సోఫాలో నుంచే హీరోకు సలహాలిస్తుంది. పసుపుకు మంచి రేటు వచ్చిన ఏడాది ముచ్చటపడి హోం థియేటరు పెట్టించుకుంది. నేను జాకెట్లు ఇచ్చేందుకు పోయిన రోజునే ఓబులేషన్న కూడా వచ్చాడు. సెట్టు వెయ్యగానే 'గుయ్' మని ఒకటే మోత. సౌండు కొంచెం పెంచితే 'టక్' మని దానంతటదే ఆరిపోతోంది.

"అమ్మా, ఈ మధ్య ఇంట్లో ఏమన్నా మార్చినారా?" అని అడిగాడు.

"సెట్టు చూడప్పా అంటే ఇల్లు చూస్తావేంది? పెరట్లో బండలు పరిపిచ్చినాం, అంతే."

"ఎర్త్ గుంత యాడుండాది?"

ఇంటి వైరింగును నేలతో కలిపే గుంత అది. వెతికితే అది కొత్త నాపబండల కింద ఉంది. మా నేల సంగతి తెలిసిందే కదా, ఎండాకాలం వచ్చిందంటే బారెడు లోతున కూడా తడి ఉండదు. ఎర్త్ గుంతలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోస్తుంటేనే అది పనిచేస్తుంది. వీళ్లేమో పెరడు అందంగా ఉండాలని దాని నోరే మూసేశారు. ఆయన ఒక బండ లేపించి, ఉప్పూ బొగ్గూ వేయించి నీళ్లు పోయించాడు. మోత పోయింది. తర్వాత పెట్టె వెనక్కి పోయి చూస్తే, స్పీకరు తీగలోని వెంట్రుకంత రాగిపోగు ఒకటి పక్క తీగకు తగులుతోంది. దాన్ని పేనిపెట్టి బిగించాడు.

"ఇది చెడిపోలేదమ్మా. తగలకూడంది తగిల్తే భయపడి ఆరిపోతాంది, తన్ను తాను కాపాడుకునేదానికి" అన్నాడు.

"బాగైంది గదా, ఇంగ పోదాం పదన్నా" అన్నాను నేను, ఆయన బండి మీదే నేనూ తిరిగి రావాలి కాబట్టి.

"ఇల్లు అలకంగానే పండగ గాదు మే" అని మళ్లీ కూర్చున్నాడు. రిసీవర్లో ఒక ఏర్పాటు ఉంటుంది. అది వేస్తే ఒక్కో స్పీకరు నుంచీ వరసగా 'ఉస్స్' మని శబ్దం వస్తుంది. అన్నీ సమానంగా వినబడేదాకా ఒక్కోదాన్ని పెంచో తగ్గించో సరిచేయాలి. ఆయన కళ్లు మూసుకుని, విని, ఎడమది కొంచెం పెంచాడు. విన్నాడు. మళ్లీ పెంచాడు. అప్పటికి తృప్తిపడి లేచాడు.

దారిలో అడిగాను, తప్పు స్పీకర్లో ఉందో పెట్టెలో ఉందో విప్పకుండా ఎట్లా తెలుస్తుందని. "శానా సులువు మే. కుడి తీగ ఎడమకు, ఎడమ తీగ కుడికి మార్చు. తప్పు గూడ పక్క మారిందనుకో, అది పెట్టెలో ఉన్నట్టు. మారకుండా ఆడే నిలబడిందనుకో, స్పీకర్లో ఉన్నట్టు. దేంతోపాటు తప్పు నడుస్తాదో దాంట్లోనే ఉంటాది" అన్నాడు. భలే చెప్పాడే అనుకున్నాను.

ఆ తర్వాతే ఆయన నాకు కోపం తెప్పించడం మొదలుపెట్టాడు. "అన్నా, టీ" అంటే పలకడు. రెండుసార్లు పిలిస్తే ఎప్పుడో ఒకసారి ఉలిక్కిపడి చూస్తాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఒకరోజు పొద్దున్నే బడి యూనిఫారాల ఆర్డరు నాకు ఖాయమైంది. మొత్తం బడి పిల్లలందరివీ! అంత పెద్ద పని నా చేతికి రావడం అదే మొదటిసారి. ఇంటికి కూడా ఫోను చేయకుండా చెక్క పక్కన నిలబడి ముందు ఆయనకే చెప్పాను. ఆయన తలెత్తలేదు. సోల్డరింగ్ చేసుకుంటూనే ఉన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గొప్పోడివి, నీతో నాకేం పని అని ఆ రోజు నుంచీ మాట్లాడటం మానేశాను.

అదే సమయంలో బజార్లో ఇంకో మాట పుట్టింది. ఓబులేషు చేతిలో పడితే సెట్టు బాగవుతుంది గానీ ఎడమ పక్క అరుస్తుంది అని. ఒకరు తిరిగి తెచ్చారు. ఇంకొకరు తెచ్చారు. ఆయన విని, సరిగ్గానే ఉంది కదా అని పంపించేవాడు. మూడోవాళ్లు ఆయన దగ్గరికి రానేలేదు, బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన కొట్టుకు పోయారు. ఆయన అరలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఆ మనిషికి తెలిసింది ఆ పనొక్కటే. అది కూడా చేజారిపోతే ఏం చేస్తాడని, ఎంత కోపంలో ఉన్నా నాకు దిగులేసేది.

ఒక మధ్యాహ్నం రామలక్ష్మమ్మ ఆటోలో రిసీవరు పెట్టుకుని వచ్చి, కర్ర ఊతంతో దిగింది.

"ఏం ఓబులేషూ! హీరో కుడిపక్క నిలబడి మాట్లాడ్తాంటే గొంతు ఎడమపక్క మా దేవునింట్లో నుంచి వచ్చాంది. ఇట్లేనా నువ్వు బాగుజేసేది?"

"సమానంగానే పెట్టి ఇచ్చినా గదమ్మా" అంటూ ఆయన పెట్టెను బల్ల ముందున్న రెండు స్పీకర్లకు కలిపాడు. పాత లెక్కలన్నీ చెరిపేసి మొదట్నుంచీ పెట్టాడు. ఎడమ నుంచి 'ఉస్స్', కుడి నుంచి 'ఉస్స్'.

"ఆఁ, ఇంగ సమానమైంది" అంది రామలక్ష్మమ్మ.

"యాడమ్మా? ఎడమది తగ్గింది."

"తగ్గలేదప్పా! మే మహేశ్వరీ, ఇట్లా రా. నువ్వు చెప్పు."

మాటల్లేవు కదా మాకు. అయినా పంచాయితీకి పిలిస్తే పోకుండా ఉండగలనా? పోయి విన్నాను. రెండూ సమానమే. ఆ మాటే రామలక్ష్మమ్మ మొహం చూస్తూ చెప్పాను.

ఓబులేషన్న తీగలు అటుదిటు మార్చాడు. విన్నాడు. "ఎడమదే తగ్గింది" అన్నాడు. అంటే తప్పు పెట్టెలో లేదు. స్పీకర్లే ఎత్తి అటుదిటు పెట్టాడు. "ఎడమదే" అన్నాడు. స్పీకర్లలోనూ లేదు. చుట్టూ చూసి, చెక్క మీదుగా నా కొట్టు వైపు చెయ్యి చూపించాడు.

"నీ గుడ్డలు మే. ఆ పక్క అన్ని గుడ్డలు తగిలిచ్చినావు. సౌండంతా అవి మింగుతాండాయి."

అంతే, నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. "ఇప్పుడు నా గుడ్డలు అడ్డమొచ్చినాయా? మనిషివేనా నువ్వు? టీ అంటే పలకవు. యూనిఫారాల ఆర్డరు వచ్చిందని, ఇంట్లోవాళ్ల కంటే ముందు నీకు నోరారా చెప్తే తల గూడ ఎత్తకపోతివి. నేనేం పాపం చేసినానన్నా నీకు?"

ఆయన నా వంక వింతగా చూశాడు.

"ఎప్పుడు చెప్పినావు మే?"

"ఎప్పుడా? నీ పక్కనే నిలబడి చెప్పినా!"

"యా పక్క?"

సెట్టు తెచ్చినవాళ్లను అడిగినట్టే అడిగాడు. నేను చెక్క పక్కనున్న చోటు చూపించాను. ఆయన ఆ చోటు వైపు చూశాడు. తర్వాత కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చుని రిమోటు నొక్కాడు. ఒకదాని నుంచి 'ఉస్స్'. రెండోదాని నుంచి 'ఉస్స్'.

కూర్చున్నచోటు నుంచే చెయ్యి వెనక్కి చాచి ఒక స్పీకరు చూపించాడు. అది ఇంతదాకా బాగుందన్నది, కుడి వైపుది.

"ఇప్పుడు అది తగ్గింది" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు, "తప్పు నాతోపాటే తిరిగింది మే."

నేను ఆయన ఎడమ పక్కకు పోయి నిలబడి, మెల్లగా "ఓబులేషన్నా" అన్నాను. పలకలేదు. ఇంకోసారి అన్నాను. పలకలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తున్నానన్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

వాళ్లావిడ శివకుమారి కర్నూలు తీసుకుపోయి చూపించింది. ఎడమ చెవి నరం అరిగిపోయిందన్నారు. పెద్ద మోతల పక్కన గడిపిన వయసు ఇప్పుడు బాకీ వసూలు చేసుకుంది. తిరిగి రాదు. కుడిది బాగానే ఉంది. తిరిగొచ్చాక ఆయన షట్టరు సగమే ఎత్తి, రామలక్ష్మమ్మకు కబురు పెట్టాడు. ఆమె వస్తే సెట్టు ఆమె ముందు పెట్టాడు.

"ఇంగొకరికి చూపిచ్చుకోండమ్మా. నా చెవిని నేనే నమ్మలేను. జనం నన్నెట్ల నమ్ముతారు? కొట్టు మూసేస్తా."

రామలక్ష్మమ్మకు కోపం వచ్చింది. నా కోపం దాని ముందు ఎందుకూ పనికిరాదు.

"నా మోకాళ్లు అరిగి ఎన్నాళ్లైంది? నడిచేది మానుకున్న్యానా? ఇదో, కట్టె పట్టుకోని నడుస్తాండా. నువ్వు గూడ ఒక కట్టె చూసుకో. ఆ సెట్టు ఈడ్నే ఉంటాది. బాగుజేసి నువ్వే తెచ్చి ఇయ్యి" అని ఆటో ఎక్కేసింది.

ఆయన ఆ పెట్టె ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు. పొద్దుగూకే వేళకు లేచి, తాడు ముక్క ఒకటి కొలిచి తీసుకుని, ఎడమ స్పీకరుకు అంత దూరంలో కుడి చెవి పెట్టి విన్నాడు. తర్వాత లేచిపోయి కుడి స్పీకరుకు అంతే దూరంలో అదే చెవి పెట్టి విన్నాడు. ఇంతకుముందు కూర్చున్నచోటే వినేవాడు, ఇప్పుడు లేచి తిరగాల్సి వచ్చింది, అంతే తేడా. నన్ను పిలిచాడు. విన్నాను. సమానంగా ఉంది.

"ఒకే చెవి గదా మే, రెండుదిక్కులా అదే వింటే ఇంగ పక్షపాతం లేదు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వు చూశాను.

మర్నాటి నుంచి బండేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "నా చెవిలో తప్పుండాది, మీ సెట్టులో లేదు" అని చెప్పి, ఎడమది తగ్గించి వచ్చాడు. ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. బస్టాండు దగ్గరికి పోయినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు.

తర్వాతి వారం నేను షట్టరు ఎత్తేసరికి ఓబులేషన్న బల్లతో కుస్తీ పడుతున్నాడు. రోడ్డు వైపున్న బల్లను వెనక గోడకు జరిపి, దాని ముందు కుర్చీ వేసుకున్నాడు. రోడ్డుకు వీపు, గోడకు మొహం.

"ఏందన్నా ఇది? గిరాకీ వస్తే ఎట్ల కనపడ్తాది?" అన్నాను.

"గిరాకీ పిలుస్తార్లే" అని చక్కగా కూర్చుని చూపించాడు. ఇప్పుడు నా కొట్టు ఆయనకు కుడి పక్క. "ఇంగ చెప్పు మే. ఆ పొద్దు ఏందో ఆర్డరు వచ్చిందని చెప్పినావంట గదా."

యూనిఫారాలు కుట్టడం అయిపోయి, పిల్లలు వేసుకుని బడికి కూడా పోతున్నారు. అయినా నేను చెక్క పక్కన నిలబడి, ఆ పొద్దు చెప్పినట్టే చెప్పాను. బడి పిల్లలందరివీ నాకే ఇచ్చారన్నా అని.

ఆయన సోల్డరింగ్ కడ్డీ కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"శానా సంతోషం మే" అన్నాడు.